కార్డు చేతిలో ఉంది, కళ్ళు చూసేదెవరు?

ఆరోగ్యశ్రీ కార్డునో, ఆయుష్మాన్ కార్డునో బీరువాలో భద్రంగా దాచుకున్న కుటుంబాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల సంఖ్యలో ఉన్నాయి. గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు, కిడ్నీ దెబ్బతిన్నప్పుడు ఆ కార్డు ఎంత ధైర్యాన్నిస్తుందో అనుభవించినవాళ్ళకు తెలుసు. అదే ఇంట్లో పెద్దావిడకు చూపు మసకబారిందనుకోండి. కొడుకు కార్డు జేబులో పెట్టుకుని తల్లిని టౌనుకు తీసుకెళ్తాడు. అద్దాల షాపులో అడిగితే కార్డు చెల్లదంటారు. ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే ‘కార్డు ఆపరేషన్లకు బాబూ, అద్దాలకు కాదు’ అంటారు. వాళ్ళిద్దరూ చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆవిడ మాత్రం వెళ్ళినప్పటి మసక చూపుతోనే సాయంత్రం బస్సులో ఇంటికి తిరిగొస్తుంది. బస్సు చార్జీలు దండగ, కొడుకుకు ఆ రోజు కూలి దండగ. ఇక ఏడాదిపాటు ఆవిడ కళ్ళ ఊసెత్తదు.

ఈ ఖాళీ గురించే ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు, డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా, తమకు దగ్గరలో కళ్ళు పరీక్షించే మనిషిని ఎలా వెతుక్కోవాలి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కంటి పరీక్షలు చేయడమే ఉద్యోగంగా చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి నేను. ‘సారూ, కార్డుంది గదా, అద్దాలియ్యరా?’ అన్న ప్రశ్న నాకు ఎదురైనంతగా మరేదీ ఎదురుకాలేదు. అడిగినవాళ్ళది అమాయకత్వం కాదు. ఆ ప్రశ్నలో గొప్ప న్యాయం ఉంది. అది మన పాలకులు వినాల్సిన ప్రశ్న.

ముందుగా కార్డు ఎందుకు చెల్లదో చూద్దాం. ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అప్పట్లో ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే పొలం అమ్ముకోవడం, పుస్తెలు తాకట్టు పెట్టడం తప్ప పేదలకు దారి ఉండేది కాదు. ఆ దెబ్బ నుంచి కాపాడడానికి పుట్టిన పథకం కాబట్టి ఖరీదైన చికిత్సల మీదే అది నిలబడింది. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కూడా అదే పద్ధతి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు వర్తిస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అంకె పెరిగిందని అందరం సంతోషించాం. కానీ పథకం ఎన్ని లక్షలదైనా, కొన్ని వందల రూపాయల కళ్ళజోడుకు అందులో చోటు లేదు. కంటికి వచ్చేసరికి ఎక్కువమందికి కావలసింది ఆ కళ్ళజోడే.

ఇది నా ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు ఒక పెద్ద సర్వే జరిగింది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవాళ్ళు హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా జనాన్ని, పసిపిల్లల నుంచి పండు ముసలి దాకా, పరీక్షించారు. అంధులుగా తేలినవారిలో దాదాపు 44 శాతం మందికి కారణం శుక్లం. అది చాలామంది ఊహించేదే. ఆ తర్వాత వచ్చిన అంకె చూస్తే మనసు కలుక్కుమంటుంది. అంధుల్లో 16 శాతం మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి, కారణం సరైన అద్దాలు లేకపోవడం. నరం చచ్చిపోలేదు, కంట్లో పువ్వు వేయలేదు. పవర్ చూసి అద్దాలు పెడితే కనిపించే కళ్ళవి. వాటితోనే ఆ మనుషులు గుడ్డివాళ్ళుగా బతికారు, చేతికర్ర పట్టుకుని నడిచారు, ఇంట్లోవాళ్ళకు భారమయ్యామని కుమిలిపోయారు.

సర్వే జరిగి పాతికేళ్ళయింది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు పరిస్థితి ఎంతో మెరుగు. అయినా చత్వారం మాత్రం ప్రతి తరానికీ కొత్తగానే వస్తుంది. నలభై దాటినవాళ్ళకు దగ్గరి చూపు తగ్గడం జబ్బు కాదు, వయసు చేసే పని. చదువుకున్నవాళ్ళు పేపరు దూరంగా పట్టుకుని చూసి, వారంలో అద్దాలు కొనుక్కుంటారు. మగ్గం మీద పోగు తెగితే అతకాల్సిన నేతకారుడు, బీడీలు చుట్టే తల్లి, సూదిలో దారం ఎక్కించుకునే దర్జీ, బియ్యంలో రాళ్ళు ఏరే ఇల్లాలు ‘వయసైపోతోంది’ అనుకుని ఊరుకుంటారు. పని తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 750 మంది కార్మికులతో జరిగిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళ కంటే సుమారు 20 శాతం ఎక్కువ ఆకు కోశారు. అద్దాలను సోకు వస్తువుగా, షాపు సరుకుగా చూసే అధికారులకు ఈ ఒక్క అంకె చాలు అనుకుంటాను. పేదవాడికి అద్దాలు పనిముట్టు.

సరే, ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి మెట్టు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే, మనం పీహెచ్‌సీ అంటాం. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మన దేశంలో 1976లోనే మొదలైంది. దాని కింద కంటి పరీక్ష చేయడానికి శిక్షణ పొందినవాళ్ళను ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టారు. ఆఫ్తాల్మిక్ ఆఫీసర్ అని పిలుస్తారు. జనం మాత్రం ‘కళ్ళ డాక్టరు’ అనేస్తారు. ఆయన దగ్గర చార్టు ఉంటుంది, అద్దాల పెట్టె ఉంటుంది, ట్రయల్ ఫ్రేము ఉంటుంది. పవర్ చూసి చీటీ రాసిస్తారు. శుక్లం ఉందో లేదో చెప్పగలరు, పెద్ద ఆసుపత్రికి పంపాల్సిన కేసును గుర్తుపట్టగలరు. దీనికి ఏ కార్డూ చూపించక్కర్లేదు, ఫీజూ లేదు. అసలు బీమాతో పనే లేని సేవ ఇది. ‘మా కార్డు తీసుకునే కంటి డాక్టరు ఎవరు’ అని టౌనంతా తిరిగే ముందు, కార్డు అడగని డాక్టరు మండలంలోనే ఉన్నాడేమో చూసుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలాచోట్ల ఒకే ఆఫ్తాల్మిక్ ఆఫీసర్ రెండు మూడు పీహెచ్‌సీలు చూసుకోవాల్సి వస్తుంది. సోమవారం ఒకచోట, బుధవారం ఒకచోట ఉంటారు. స్కూళ్ళలో పరీక్షలనీ శిబిరాలనీ మిగతా రోజులు గడిచిపోతాయి. కాబట్టి ‘కళ్ళ డాక్టరు ఉన్నారా’ అని కాదు, ‘ఏ రోజు వస్తారు’ అని అడగాలి. మీ ఊరి ఆశా కార్యకర్తకు ఇది తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఏఎన్ఎంకు ఫోన్ చేసి కనుక్కుంటుంది. ఈ ఒక్క మాట కనుక్కోకుండా బయల్దేరి, తాళం వేసిన గది చూసి వెనక్కి వచ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో. ఒకసారి అలా తిరిగి వెళ్ళిన మనిషి మళ్ళీ రాడు. అందుకే ఆ రోజు తెలుసుకోవడాన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

పీహెచ్‌సీలో ఎవరూ లేకపోతే తర్వాతిది ఏరియా ఆసుపత్రి, లేదా జిల్లా ఆసుపత్రి. అక్కడ కంటి విభాగం ఉంటుంది, ఓపీ ఉదయం పూట జరుగుతుంది. ఇంకా పెద్ద సమస్య అయితే హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోనూ కర్నూలులోనూ ప్రాంతీయ ప్రభుత్వ కంటి ఆసుపత్రులు ఉన్నాయి.

ప్రభుత్వానిది కాని దారి ఒకటి మన తెలుగు నేల మీదే పుట్టింది. దాని గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం వెలితిగా ఉంటుంది. కృష్ణా జిల్లాకు చెందిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికా నుంచి తిరిగొచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. నగరంలో పెద్ద ఆసుపత్రి కట్టి, జనం వస్తారులే అని కూర్చుంటే పల్లెటూరి కన్ను మిగిలిపోతుందని ఆ సంస్థ త్వరగానే గ్రహించింది. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, 5 లక్షల జనాభాకు శస్త్రచికిత్సలు జరిగే ఒక గ్రామీణ ఆసుపత్రి, ఆపైన పెద్ద కేంద్రాలు, ఇలా మెట్లు కట్టుకుంటూ వచ్చింది. విజన్ సెంటర్ అంటే పెద్ద భవనమేమీ కాదు. మండల కేంద్రంలోనో పెద్ద పంచాయతీలోనో ఒకటి రెండు గదులు, శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్ ఒకరు. చాలాచోట్ల ఆ టెక్నీషియన్ చుట్టుపక్కల ఊరి అమ్మాయో అబ్బాయో అయివుంటారు. అక్కడే పరీక్ష, అక్కడే తక్కువ ధరలో అద్దాలు. ఇలాంటి సెంటర్లు ఇప్పుడు రెండు వందలకు పైగా ఉన్నాయి. మీ మండలంలో ఉందేమో వాకబు చేయండి. బీమా కార్డుతో పని లేకుండా, పెద్ద ఖర్చు లేకుండా, ఇంటికి దగ్గరగా కన్ను చూసే మనిషి ఉండాలి అన్న సమస్యకు నేను చూసిన జవాబుల్లో ఇది మేలైనది. ఉపాయం తెలిసీ దాన్ని ప్రతి మండలానికీ తీసుకెళ్ళలేకపోవడం మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కన్ను చూసేవాళ్ళలో ఎవరెవరో కూడా చెప్పుకోవాలి. ఆపరేషన్ చేసేది, జబ్బుకు మందు రాసేది కంటి వైద్య నిపుణులు, ఎంబీబీఎస్ మీద ఇంకా చదివినవాళ్ళు. పవర్ పరీక్షించడంలో నాలుగేళ్ళ డిగ్రీ చేసినవాళ్ళు ఆప్టోమెట్రిస్టులు. వాళ్ళ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపునిస్తూ 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆఫ్తాల్మిక్ ఆఫీసర్లది డిప్లొమా చదువు. వీళ్ళెవరూ కాకుండా, షాపులో ఫ్రేములు అమ్ముతూ అనుభవంతో పవర్ చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. ‘మీరు ఏం చదివారండీ’ అని మర్యాదగా అడగడం తప్పు కాదు. చదివినవాళ్ళు అడిగినందుకు నొచ్చుకోరు.

కంప్యూటర్ కంటి పరీక్ష అన్న బోర్డు చూసి చాలామంది అదే అసలు పరీక్ష అనుకుంటారు. ఆ యంత్రం ఒక అంచనా అంకె ఇస్తుంది, అంతే. దాన్ని పట్టుకుని, ట్రయల్ ఫ్రేములో ఒక్కో అద్దం మారుస్తూ, ‘ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా’ అని అడిగి తేల్చాలి. యంత్రం అంకె మీదే అద్దాలు కట్టిచ్చే చోట తలనొప్పి కొనుక్కున్నట్టే. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్ళ కంటి కండరం బలంగా పనిచేస్తుంటుంది కాబట్టి, చుక్కల మందు వేసి, కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు పవర్ చూడాలి. చుక్కలు వేయకుండా చిన్నపిల్లలకు పవర్ రాసిచ్చే చోట ఎందుకు వేయలేదని అడగండి.

‘ఉచిత కంటి పరీక్ష’ అని రాసి ఉండే షాపులకు వెళ్ళవద్దని నేను చెప్పను. పరీక్షకు డబ్బు తీసుకోరు, ఫ్రేములో చూసుకుంటారు. అక్కడ పరీక్ష చేయించుకుంటే పవర్ చీటీ తప్పకుండా రాయించుకోండి. చీటీ చేతిలో ఉంటే అద్దాలు మీకు నచ్చిన చోట, మీ స్తోమతుకు తగ్గ ధరకు కట్టించుకోవచ్చు.

ఇంతవరకు కార్డుతో పని లేని సంగతులు. కార్డు గట్టిగా పనికొచ్చే చోటు కూడా ఉంది. శుక్లం ముదిరితే అద్దాలతో లాభం లేదు, ఆపరేషనే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, అంధత్వ నివారణ కార్యక్రమంలో భాగస్వాములైన స్వచ్ఛంద ఆసుపత్రుల్లోనూ అది ఉచితంగా చేస్తారు, లెన్సు కూడా వేస్తారు. ఆయుష్మాన్ చికిత్సల జాబితాలోనూ శుక్లాల ఆపరేషన్ ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయోవందన కార్డు ఇస్తున్నారు. తెల్ల రేషన్ కార్డు లేదని ఇన్నాళ్ళూ ఊరుకున్న రిటైర్డ్ టీచర్లు, చిన్న రైతులు దీన్ని గమనించాలి. రెటీనాకు చేసే శస్త్రచికిత్సలు, కార్నియా మార్పిడి, పిల్లల్లో మెల్లకన్ను సరిచేసే ఆపరేషన్ లాంటివి ఆరోగ్యశ్రీ చూసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది.

పథకంలో చేరిన ఆసుపత్రికి, అంటే నెట్‌వర్క్ ఆసుపత్రికి, వెళ్ళినప్పుడు నేరుగా బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్ళకండి. కార్డున్న రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర, లేదా వైద్యమిత్ర, కూర్చునే డెస్కు ఎక్కడుందో అడగండి. కార్డున్నవాళ్ళకు నెట్‌వర్క్ ఆసుపత్రిలో డాక్టరు సంప్రదింపు ఉచితంగా అందాలన్నది ఆరోగ్యశ్రీ రూపకల్పనలోనే ఉన్న మాట. అడిగినవాళ్ళకు అందుతుంది, అడగనివాళ్ళు కౌంటరులో కట్టేసి వస్తారు. బయల్దేరే ముందు ఇంటి నుంచే 104కు గానీ, ఆయుష్మాన్ అయితే 14555కు గానీ ఫోన్ చేసి, ఫలానా ఆసుపత్రి పథకంలో ఉందా అని కాకుండా, అందులో కంటి విభాగం పథకంలో ఉందా అని అడగండి. ఒక ఆసుపత్రి గుండెకు పథకంలో ఉండి, కంటికి లేకపోవచ్చు. ఈ తేడా తెలియక జిల్లా దాటి వెళ్ళి వెనక్కి వచ్చిన కుటుంబాలున్నాయి.

ఫ్యాక్టరీలు, షాపులు, ప్రైవేటు కంపెనీల్లో పనిచేస్తూ నెలకు 21 వేల రూపాయల లోపు జీతం వచ్చేవాళ్ళకు ఈఎస్ఐ ఉంటుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం నెలనెలా దానికి వెళ్తోంది. దానికీ ఆరోగ్యశ్రీకీ పెద్ద తేడా ఏమిటంటే, ఈఎస్ఐలో ఓపీ వైద్యం కూడా ఉంది. డిస్పెన్సరీకి వెళ్ళి చూపు సంగతి చెబితే, వాళ్ళు రెఫరల్ రాసి ఈఎస్ఐ ఆసుపత్రి కంటి విభాగానికి పంపుతారు. భార్యాపిల్లలకూ, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. నెలనెలా డబ్బు కడుతూ, ఒక్కసారి కూడా డిస్పెన్సరీ గడప తొక్కనివాళ్ళు మన పారిశ్రామికవాడల్లో ఎందరో.

పిల్లల దగ్గరికి వద్దాం. బోర్డు మీద అక్షరాలు కనిపించని పిల్లవాడు ఆ మాట ఇంట్లో చెప్పడు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. మార్కులు తగ్గితే మొద్దు అంటాం, టీవీ దగ్గరికి జరిగితే కసురుతాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి రావాలి. చూపు లోపం వాళ్ళు చూడాల్సిన వాటిలో ఉంది. అద్దాలు అవసరమైన బడిపిల్లలకు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు అంధత్వ నివారణ కార్యక్రమంలో ఉంది. బృందం వచ్చిన రోజు మీ పిల్ల బడికి వెళ్ళకపోతే, ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే కదా అనుకోకండి. హెడ్మాస్టరుగారితో చెప్పి పీహెచ్‌సీకి పంపించమనండి. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డ ఇంట్లో ఉంటే మాత్రం ఏ బృందం కోసమూ ఆగవద్దు. 34 వారాల లోపు పుట్టిన, లేదా రెండు కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు పుట్టిన 30 రోజుల్లోపే రెటీనా పరీక్ష జరగాలి. ఆ గడువు దాటితే కొందరు బిడ్డల చూపు మళ్ళీ రాదు.

అలాగే షుగరు ఉన్నవాళ్ళు. అద్దాలు మార్పించుకుని ‘కంటి పరీక్ష అయింది’ అనుకోకండి. ఏడాదికోసారి కనుపాప పెద్దది చేసి లోపలి రెటీనా చూడాలి. అది వేరే పరీక్ష, కంటి వైద్య నిపుణులు ఉన్న చోట చేయించుకోవాలి. నీటికాసుల జబ్బు మరీ మోసకారి. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్క చూపు కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే, నలభై దాటిన మిగతావాళ్ళందరూ కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకు ఒక్క మాట. అమెరికాలో 65 దాటినవాళ్ళకు ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా కూడా మామూలు పవర్ పరీక్షకూ, అద్దాలకూ డబ్బు ఇవ్వదు. శుక్లం ఆపరేషన్ అయ్యాక ఒక జతకు మాత్రం ఇస్తుంది. వాళ్ళ పథకం కూడా మన కార్డులాగే ఆపరేషన్ వైపు నిలబడి ఉంది. చూడడానికి వెళ్ళేవాళ్ళకు ఆ బీమా కూడా ఉండదు. కాబట్టి ఇక్కడే పరీక్ష చేయించుకుని, రెండు జతలు కట్టించుకుని, చీటీ కూడా పెట్టెలో వేసుకోండి. ఇంగ్లండులో మాత్రం 60 దాటినవాళ్ళకూ, 16 ఏళ్ళ లోపు పిల్లలకూ వీధి చివరి ఆప్టోమెట్రిస్టు దగ్గరే ప్రభుత్వ ఖర్చుతో పరీక్ష ఉచితం. పిల్లలకు అద్దాల కోసం వోచరు కూడా ఇస్తారు. పరీక్ష చేసేది ప్రైవేటు మనిషే, డబ్బు కట్టేది ప్రభుత్వం. మన దగ్గర ఇలాంటి ఏర్పాటు అసాధ్యమని నేననుకోను.

అసాధ్యం కాదని మనమే రుజువు చేశాం కూడా. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ మొదలైంది. రెండో విడత 2023 జనవరిలో ఖమ్మంలో ప్రారంభించారు. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్ష చేయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 అక్టోబరు 10న అనంతపురంలో ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టి ముందు బడిపిల్లలను, తర్వాత అవ్వాతాతలను చూశారు. బృందంలో ఆప్టోమెట్రిస్టులు ఊళ్ళోకే వచ్చారు. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే పెట్టారు. అద్దాలు పెట్టుకున్న ముసలమ్మ మనవరాలి ముఖం చేతుల్లోకి తీసుకుని చూసుకోవడం మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఏ ప్రభుత్వం చేసినా అది మంచి పని. పార్టీలతో నిమిత్తం లేకుండా అంటున్నాను.

కానీ శిబిరం వెళ్ళిపోయాక? అద్దం పగిలితే, రెండేళ్ళకు పవర్ మారితే, నిరుటిదాకా బాగా కనిపించిన మనిషికి ఈ ఏడాది మసకలు వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మళ్ళీ ఎప్పుడో వచ్చే విడత కోసం చూపు ఆగదు. ప్రతి మండలంలో, నెలలో కొన్ని రోజులైనా తప్పకుండా దొరికే ఒక శిక్షణ పొందిన మనిషి, ఒక అద్దాల పెట్టె, తక్కువ ధర ఫ్రేముల నిల్వ ఉండాలి. కోటిన్నర మందిని వంద రోజుల్లో చూడగలిగిన ప్రభుత్వాలు ఈ కాస్త ఏర్పాటు ఏడాది పొడవునా చేయలేవంటే నేను నమ్మను. అంతకంటే ముందు, పథకాల చికిత్సల జాబితాలో పవర్ పరీక్షను, ఒక జత అద్దాలను చేర్చాలి. పదిలక్షల కార్డులో ఆ మాత్రం చోటు దొరక్కపోదు.

ఇది జరగాలంటే అడగాలి, కాగితం మీద అడగాలి. మీ పీహెచ్‌సీలో కంటి పరీక్ష చేసే పోస్టు ఖాళీగా ఉందని తెలిస్తే ఊరుకోకండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. అర్జీలో మీ పీహెచ్‌సీ పేరు, మండలం, కంటి పరీక్ష చేసేవారు ఎన్నాళ్ళుగా లేరు, జనం పరీక్ష కోసం ఎంత దూరం వెళ్ళాల్సి వస్తోంది, ఈ నాలుగు సంగతులు రాయండి. మహిళా సంఘం తరఫున, లేదా పంచాయతీ తీర్మానం జతచేసి ఇస్తే ఇంకా మంచిది. ఒక ప్రతిని జిల్లా అంధత్వ నివారణ అధికారికి కూడా ఇవ్వండి. రసీదు నంబరు తీసుకోకుండా మాత్రం అక్కడి నుంచి రాకండి. నెల తర్వాత ఆ నంబరు పట్టుకుని మళ్ళీ వెళ్ళి అడగాలి మరి.